కుట్టకుండా వదిలిన నాలుగో వైపు

మా పాప కాళ్ళు పరుపు దాటి చాప మీదికి వచ్చేసి ఎన్నాళ్ళయిందో నేను గమనించనే లేదు. రోజుకు నాలుగుసార్లు నుదురు పట్టి చూస్తాను, నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెడతాను, సత్తుపల్లి బొగ్గుగనుల్లో మధ్యాహ్నం పేలుడుకు కిటికీ రెక్కలు అదిరితే పరుగెత్తుకెళ్ళి దాని చెవులు మూస్తాను. అటువంటి నేను, పిల్ల ఎదిగిపోయి పరుపు పొట్టిదైన సంగతి ఇవాళ మా ఆడబిడ్డ ఫోను చేసేదాకా చూడలేదు. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు ఆమె. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇప్పుడు అయిదో నెల. ఆ మాట చెప్పడానికి కూడా భయపడి, గొంతు బాగా తగ్గించి చెప్పింది. ఫోను పెట్టేసే ముందు మాత్రం, "వదినా, మీ పిల్ల పండుకున్న ఆ చిన్న పరుపు ఇంకా ఉన్నదా? ఎవరికీ ఇయ్యకు" అన్నది.

ఉన్నది. పాప నిద్రపోయాక దాన్ని కిందనుంచి మెల్లగా లాగి, పిల్లను మడతపెట్టిన దుప్పటి మీదికి జరిపి, పరుపును ఒళ్ళో వేసుకుని తిరగేసి చూశాను. మూడు వైపులా తెల్లదారం, చీమలబారు నడిచినట్టు సన్నని కుట్టు. నాలుగో వైపు ఎర్రదారం, పెద్దపెద్ద కుట్లు, ఒకటి పైకీ ఒకటి కిందికీ. ఆ నాలుగో వైపు సంగతే ఇప్పుడు రాయాలనిపిస్తోంది. నిద్ర ఎలాగూ రాదు. చేతిలో ఫోను లేకుండా కాపురం మొదలుపెట్టిన నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదివితే, నా భయాలకు నవ్వుకున్నా, తిట్టరని నమ్మకం.

అప్పట్లో మా ఆయన భద్రాచలం వైపు అడవి అంచున ఒక ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచరు. బడి వెనకాల రెండు గదుల క్వార్టరు మాది. పాపకు ముందు నాకు రెండుసార్లు నిలవలేదు. మొదటిసారి మూడో నెల. రెండోసారి అయిదో నెల కూడా నిండింది, ఇక భయం లేదనుకుని, కొత్తగా నేర్చుకున్న అల్లికపనితో ఒక చిన్న టోపీ అల్లాను. పసుపురంగు ఊలు, అంచుకు తెల్ల గీత. అది పూర్తయిన వారానికే దవాఖానాలో పడుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చాక ఆ టోపీ కనబడలేదు. మా అమ్మ దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అన్నది, అదీ నా మంచం పక్కన కూర్చుని నా కాళ్ళు ఒత్తుతూ. "పుట్టకముందే తలకాయకు కొలత తీస్తరానే ఎవరన్నా?"

మా అమ్మ తల్లాడలో మా చర్చి సంఘం స్త్రీల కూటానికి పెద్ద. శకునాలు చూడడం, దిష్టి తీయడం విశ్వాసులకు తగదని వాక్యం తీసి మరీ చెప్పే మనిషి. అయినా పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కొనకూడదు, కుట్టకూడదు అన్న మాట దగ్గర ఆమెకు ఏ వాక్యమూ అడ్డురాలేదు. నేనేమో బోటనీ చదివినదాన్ని. ఊలు టోపీకీ నాకు జరిగినదానికీ సంబంధం లేదని తెలుసు. తెలిసీ, మూడోసారి నెల తప్పినప్పుడు ఇంట్లో కత్తెర తీసి బీరువా మీద పెట్టేశాను. పాత చీర చిరిగితే దాన్ని చిన్నముక్కలు చేయడానికి కూడా చెయ్యి రాలేదు, చిరిగినదాన్ని చిరిగినట్టే మడతపెట్టి ఉంచాను.

అలా అయిదో నెలలో దసరా సెలవులకు తల్లాడ వచ్చాం. అయిదో నెల అంటేనే నాకు భయం. రోజులు లెక్కపెడుతూ వసారాలో కూర్చునేదాన్ని. నన్ను ఆ వసారాలోంచి లేపాలనే కాబోలు, ఒక సాయంత్రం మా ఆయన ఖమ్మం ఖిల్లా చూసొద్దామన్నాడు. ఖమ్మానికి ఎన్నిసార్లు పోయినా బస్టాండు, దవాఖానా, బట్టల దుకాణం తప్ప నేనేమీ చూడలేదన్నది నిజమే. ఆయనకు మాత్రం పాత గోడలంటే పిచ్చి. రాళ్ళ మధ్య సున్నం చూసి అది ఏ కాలందో చెప్పబోయి, చెప్పలేక, అయినా చాలాసేపు మాట్లాడగల మనిషి.

మా అమ్మ వంటింట్లోంచే కేకేసింది. "ఏంది అల్లుడుగారూ, గిప్పుడు దాన్ని గుట్టలెక్కిస్తరా?"

"ఎక్కేది నేను అత్తమ్మా. ఆమె కింద కూసుంటది, నా చెప్పులకు కాపలా."

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. డాక్టరమ్మ బస్సులో ముందు సీట్లో కూర్చుంటే పరవాలేదన్నది గనక, కండక్టరుకు చెప్పి ముందు సీటు ఇప్పించాడు. మా అమ్మ నాలుగు చపాతీలు, గుడ్డుకూర డబ్బాలో పెట్టిచ్చింది. ఇవన్నీ ఇంత బాగా గుర్తున్నాయి కానీ, మా ఆయన చేతిలో ఉన్న గోనెసంచి గురించి ఆరోజు నేను ఎందుకు గట్టిగా అడగలేదో ఇప్పటికీ అర్థం కాదు. సంచి నా నడుము ఎత్తున ఉంది, లావుగా ఉబ్బి ఉంది, మూతి పురికొసతో కట్టి ఉంది. ఏమిటంటే బడి సామాను, ఖమ్మంలో ఇచ్చేది ఉంది అన్నాడు. అంత పెద్ద సంచిని రెండు వేళ్ళతో ఎత్తి బస్సులో పెట్టాడు. ఆ తేలికతనం చూసైనా నాకు అనుమానం రావలసింది. కానీ ఆ రోజుల్లో నా ధ్యాసంతా నా కడుపు మీదే.

ఖిల్లా కింది వీధులు నేను అనుకున్నట్టు లేవు. బస్టాండు గోలంతా రెండు మలుపుల్లో వెనకబడిపోయి, సందులు సన్నబడి, ఇళ్ళ గుమ్మాలకు గోనెపట్టా తెరలు, తెరల వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు, గడప పక్కన కట్టేసిన మేక, ఎవరింట్లోనో ఉల్లిగడ్డలు ఎర్రగా వేగుతున్న వాసన. తల ఎత్తి చూస్తే గుట్ట నెత్తిన గోడ కనబడుతుంది. అంత పాత గోడ కింద పిల్లల లంగోటీలు ఆరేసి ఉంటాయి. నేను వాటి వైపు చూడకుండా నడిచాను. మా ఆయన ఒక భుజాన సంచి వేసుకుని, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, ప్రతి తలుపు ముందూ ఆగి చెక్కడాలు చూపించాడు. ఆ సంచితో ఆయన్ను చూసి ఒకామె పాతబట్టలు కొనేవాడనుకుని గిన్నెలు ఏమిస్తావని అడిగింది. నవ్వి నవ్వి నాకు పక్క పట్టేసింది. నవ్వినందుకు వెంటనే భయపడ్డాను.

మెట్ల దగ్గర నన్ను రాతి గోడ నీడన కూర్చోబెట్టి, వీపుకు దన్నుగా ఆ సంచిని పెట్టి, తను ఎక్కాడు. నా వంతు కూడా చూసి రమ్మన్నాను. సంచి ఎంత మెత్తగా ఉందో. వీపు ఆనించగానే లోపలికి దిగిపోయి నా ఒంటికి తగ్గట్టు కుదురుకుంది. చాలా రోజులుగా నిద్ర పట్టని నేను, ఆ పరాయి ఊళ్ళో, పట్టపగలు, వీధిలో నిద్రపోయాను. లేచేసరికి ఆయన ముందు కూర్చుని, చెమట తుడుచుకుంటూ, పైన చూసినవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. మున్నేరు ఆరేసిన చీరలాగా ఉందట, మిర్చియార్డు రేకులు మెరుస్తున్నాయట, కొత్త పత్తి బస్తాల బండ్లు బారులు తీరాయట, ఖమ్మంలో ఉన్న మా సంఘం చర్చి శిఖరం మాత్రం ఎంత వెతికినా కనబడలేదట. "అది చిన్నది కదండీ" అన్నాను. "అందుకే వెతికిన" అన్నాడు. మెట్ల బావి గట్టు మీద చపాతీలు తిన్నాం. నా పెళ్ళయ్యాక అంత నిశ్చింతగా గడిచిన పూట ఇంకొకటి లేదు.

భోజనం అయ్యాక ఆయన నన్ను ఇంకో సందులోకి తీసుకెళ్ళాడు. ఒక ఇంటి ముందరిగదిలో పరుపులు కుట్టే ముసలాయన ఉన్నాడు. గోడకు దూదేకే విల్లు వేలాడుతోంది, మూలన పత్తి కుప్ప, ముసలాయన కనుబొమ్మల మీద కూడా దూది. సంచి మూతి విప్పగానే ఆయన చెయ్యి లోపలికి పోనిచ్చి, పిడికెడు తీసి, చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"బూరుగ దూది. అడవిదేనా సార్? గిట్లాంటిది చూసి ఎన్నేండ్లాయె!"

అప్పుడు తెలిసింది నాకు బడి సామాను ఏమిటో. ఎండాకాలంలో అడవిపల్లెల్లో బూరుగ కాయలు పగిలినప్పుడు, మా ఆయన దగ్గర చదువుకునే పిల్లల తల్లులు ఏరి, గింజలు తీసి, తట్టల్లో తెచ్చి ఇచ్చారట. ఆయన దాన్ని బడి సామాన్ల గదిలో నా కంటపడకుండా దాచాడట. ఎండాకాలం అంటే, అప్పటికి నాకు ఇంకా నెల కూడా తప్పలేదు.

"కొలత చెప్పుండ్రి సార్" అన్నాడు ముసలాయన, టేపు తీసి.

మా ఆయన చేతులు చాచి చూపించాడు. "గింత చాలు. చిన్నపిల్లకు."

"ఎన్ని నెలల పిల్ల?"

"ఇంకా రాలే. ఫిబ్రవరిల వస్తది."

కొలత అన్న మాట దగ్గరే నాకు మా అమ్మ గొంతు వినబడింది. ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో వినలేదు. లేచి సందులోకి వచ్చేశాను. ఆయన మీద కోపం, ఆ ముసలాయన చేతిలో టేపు మీద కోపం, నిశ్చింతగా నిద్రపోయినందుకు నా మీద నాకు కోపం. నేను వీపు ఆనించి నిద్రపోయింది ఆ దూది మీదే కదా అని తట్టేసరికి పక్కింటి అరుగు మీద కూలబడ్డాను. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, లోపల ఏమైనా కదులుతుందేమోనని చూస్తూ ఏడ్చాను.

తెర తొలగించుకుని ముసలామె వచ్చింది, పరుపులాయన భార్య. నా పక్కన కూర్చుని, కొంగుతో నా తల మీద దూది పీచులు ఏరడం మొదలుపెట్టింది.

"మొగుడు ఏమన్న అన్నడా బిడ్డా?"

"ఏమనలే."

"ఏమనకున్నా ఏడుస్తరా? మరి అంటే ఏం జేస్తవ్?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎలా మొదలుపెట్టానో తెలియదు, పక్క క్వార్టరు టీచరమ్మకు కూడా చెప్పుకోని సంగతులన్నీ, మొదటిదీ రెండోదీ, పసుపు టోపీ, మా అమ్మ మాట, బీరువా మీది కత్తెర, అన్నీ ఆమెకు చెప్పాను. మేం క్రైస్తవులం, ఇవన్నీ నమ్మకూడదని కూడా చెప్పాను. "నమ్మకుంటే నమ్మకు, భయమైతే అయితది గద" అన్నది ఆమె. తను పోగొట్టుకున్న లెక్క మాత్రం చెప్పలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, మూడో వేలి దగ్గర ఆగి, చెయ్యి ముడుచుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి ఇద్దరు మగవాళ్ళనూ కలిపి అందుకుంది.

"ఏంది సారూ, గంతమంది పిల్లలకు చదువు జెప్తవట, ఇంట్ల ఆడమనిషిని అడగాలని తెల్వదా? నువ్వు గూడ టేపు పట్టుకొని తయారైనవా, జల్దీ అవతల వెట్టు!"

మా ఆయన ముఖం చూస్తే జాలేసింది. దూది మళ్ళీ సంచిలో కూరడం మొదలుపెట్టాడు, పిడికెళ్ళతో, తల వంచుకుని. అప్పుడు మొదటిసారి తోచింది నాకు, ఆ రెండుసార్లు పోగొట్టుకున్నది నేనొక్కదాన్నే కాదని. ఆయన ఏ రోజూ ఏమీ అనలేదు. అనకుండా దూది పోగుచేశాడు.

ముసలాయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గట్ల కాదు సార్. మూడు దిక్కులే కుడత. నాలుగు దిక్కులు కుడితే పరుపు. మూడు కుడితే సంచి. సంచిల దూది తెచ్చిండ్రు, సంచిలనే దూది తీస్కపోతున్నరు. ఏమన్న కుట్టించిండ్రా? ఏం కుట్టియ్యలే. అవ్ గదా బేటీ?"

నేను ముసలామె వైపు చూశాను. ఆమె ఆ తీర్పును నాలుక మీద వేసుకుని రుచి చూసినట్టు తలాడించింది. "బిడ్డను ఎత్తుకొని రా. నాలుగో దిక్కు నేనే కుడత, నా చేత్తోని. మేం యాడికి పోతం? గీడనే ఉంటం."

అలా ఒప్పుకున్నాను. బూరుగ దూదికి విల్లు పనికిరాదట, తట్టలో వేసి పుల్లతో చిలకాలి. చిలుకుతుంటే గది నిండా దూది తేలింది. తలుపులోంచి వచ్చే ఎండలో అది పైకీ కిందికీ ఈదుతూ మా తలల మీద, చాయ్ గ్లాసుల మీద వాలింది. ముసలామె మూడు వైపులూ కుట్టింది, చీమలబారు కుట్టు. నాలుగో వైపు అంచు లోపలికి మడిచి, గుడ్డపీలికతో సంచి మూతిలాగా కట్టింది.

తిరుగు బస్సులో పీలిక వదులై దూది ఎగిరి ముందు వరసలన్నిటి మీదా పడింది. పక్కసీటామె అదేమిటని అడిగితే ఇద్దరం ఒకేసారి "సంచి" అన్నాం. ఇంట్లో మా అమ్మా అదే అడిగింది, అదే చెప్పాను. ఆమె దాన్ని తిరగేసి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "సంచికి గింత సన్న కుట్టా?" అన్నది. తర్వాత నడుమింట్లో కొక్కేనికి తగిలించింది. నాలుగు నెలలు అది అక్కడే వేలాడింది, మూతి కట్టుకుని.

పాప ఫిబ్రవరిలోనే పుట్టింది. పచ్చకామెర్లని కొన్నాళ్ళు లైటు కింద ఉంచారు. ఆ రోజుల గురించి ఇప్పటికీ రాయలేను. పిల్లను తీసుకుని తల్లాడ ఇంట్లో అడుగుపెట్టేసరికి, కొక్కెం ఖాళీగా ఉంది. పరుపు మంచం మీద పరిచి ఉంది. నాలుగో వైపు ఎర్రదారం. మా అమ్మకు సూది పట్టడం సరిగ్గా రాదు, చూపూ ఆనదు. ఎందుకు కుట్టావమ్మా, ఖమ్మం తీసుకెళ్దామనుకున్నాం కదా అంటే, "తెరిచి ఉంటే దూది పిల్ల ముక్కుల పోదా" అన్నది, నా ముఖం చూడకుండా. ఎర్రదారం ఎందుకంటే చేతికి అదే దొరికిందట. కొలత తీయొద్దన్న మనిషి, బిడ్డ బతికి ఇంటికొస్తోందన్న కబురు వినగానే, ఇంకొకరు కుట్టేదాకా ఆగలేకపోయింది. నాకు సంతోషమే అయింది. కానీ ఖిల్లా వీధిలో ముసలామెకు ఒకమాట చెప్పిరావాలి అనుకున్నాం. ఎండలు తగ్గాక అన్నాం. పిల్లకు టీకాలయ్యాక అన్నాం. పిల్లకు దగ్గు తగ్గాక అన్నాను, ఆ మాట నేనే ఎక్కువసార్లు అన్నాను. తర్వాత సత్తుపల్లికి బదిలీ.

ఈ ఎండాకాలం సెలవుల్లో వెళ్ళాం, ముగ్గురం. మెట్ల దగ్గర పాప ఎవరినీ అడగకుండా ఎక్కేసింది, దాని వెనక నేనూ పరుగెత్తాను, అలా మొదటిసారి ఖిల్లా ఎక్కాను. మున్నేరు ఉంది, మిర్చియార్డు ఉంది. మా ఆయన చెప్పినంత అందంగా మాత్రం లేవు. కిందికి దిగి ఆ సందులో ఎంత తిరిగినా ఆ ముందరిగది కనబడలేదు. ఆ చోట స్పాంజి పరుపుల దుకాణం ఉంది, ప్లాస్టిక్ కవర్లలో చుట్టచుట్టి నిలబెట్టి. కౌంటరు దగ్గరామె ఆ ముసలివాళ్ళ సంగతే విననట్టు చూసింది. ఎదురింటి వాళ్ళు కొడుకు దగ్గరికి పోయారన్నారు, ఏ ఊరో చెప్పలేకపోయారు. నేను కూర్చుని ఏడ్చిన అరుగు మాత్రం అలాగే ఉంది. పాపను దాని మీద నిలబెట్టి, ఎందుకో తెలియకుండానే, జుట్టు సరిచేశాను. చూపించవలసిన మనిషి లేకపోయాక చూపించడానికి తెచ్చిన పిల్లను ఏం చేయాలో తోచలేదు.

అప్పటినుంచి ఒకటే మనసులో తొలుస్తోంది. ఆమె ఎక్కడున్నా, బతికే ఉంటే, ఎప్పుడైనా మేం గుర్తొస్తే, నేను తిరిగి రాలేదన్నదే కదా ఆమెకు తెలిసింది. రాలేదంటే ఏమనుకుని ఉంటుంది? మూడో వేలి దగ్గర ఆగిపోయిన మనిషి. మా పాప లెక్క కూడా ఆ వేళ్ళలోనే ముడుచుకుని ఉంటుందేమో. ఒక్క పూట బస్సు ప్రయాణం, అంతే, నేను చేయనిది.

చెల్లెలికి కొత్తది కొందామని మా ఆయన అన్నాడు. ఇప్పుడు దోమతెరతో సహా, చుట్టూ జిప్పుతో, గొడుగులాగా ముడుచుకునే పరుపులు వస్తున్నాయి. మంచివే, తేలిగ్గా ఉతుక్కోవచ్చు, నేను కాదనను. ఒక్కటే, జిప్పు ఎవరైనా వేస్తారు, ఎవరైనా తీస్తారు, దానికోసం బిడ్డను ఎత్తుకుని తిరిగి రమ్మనేవాళ్ళు ఉండరు.

ఇన్నేళ్ళయినా బీరువా మీదే పెట్టే కత్తెర దించాను. మా అమ్మ ఎర్రదారం ఒక్కొక్క కుట్టూ విప్పి, తెంపకుండా లాగి, బాబిన్‌కు చుట్టి పెట్టుకున్నాను. దూది కొంచెం ఉండలు కట్టింది, వేళ్ళతో విడదీసి అంచు లోపలికి మడిచి, పాప పాత గౌను పీలికతో మూతి కట్టాను. రేపు మా ఆయన దీన్ని చెల్లెలి ఊరికి తీసుకెళ్తాడు. ఎవరైనా అడిగితే సంచి అని చెప్పమన్నాను. లోపల ఒక చీటీ పెట్టాను, బిడ్డను ఎత్తుకుని రా, నాలుగో వైపు నేను కుడతాను అని. మేం ఎక్కడికీ పోము, ఇక్కడే ఉంటాం అని రాయబోతే చెయ్యి ఆగింది. మాది బదిలీల బతుకు, వచ్చే ఏడాది ఏ ఊళ్ళో ఉంటామో మాకే తెలియదు. ఆ మాట ఆ ముసలామె అంత తేలిగ్గా ఎలా అనగలిగిందా అని చాలాసేపు కూర్చున్నాను. ఆ తర్వాత రాశాను, కింద మా అమ్మ ఇంటి చిరునామా కూడా రాశాను.